తిన్నంత ఉప్పు

1987 మార్చిలో నన్ను మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ గుట్టల మీది ఒక పశువుల దవాఖానకు సహాయ పశువైద్యురాలిగా వేశారు. శాఖలో ఈ హోదాను వి.ఎ.ఎస్. అంటాం. పేరులో 'సహాయ' అని ఉన్నా ఆ దవాఖానకు డాక్టరూ, పెద్దా, జవాబుదారీ అన్నీ ఆ ఒక్క మనిషే. కాంపౌండరు పోస్టు ఖాళీ. ఉన్నది ఒక్క అటెండరు, పేరు ఖాసిం. నాకంటే చాలా పెద్దవాడు కనుక నేను ఖాసిం భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను మేడమ్ అనేవాడు. దవాఖాన ఆస్తి అంటే రెండు గదులు, వాకిట్లో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం, లోపల కిరోసిన్‌తో నడిచే ఫ్రిజ్. నేను పోయేనాటికే ఆ ఫ్రిజ్ చల్లబడడం మానేసి ఖాసిం భాయ్ టిఫిన్ డబ్బాకు అల్మారాగా స్థిరపడింది.

మాది చిట్యాల దగ్గర నేతపని ఇల్లు. మా ఇంట్లో పశువు అనేదే లేదు. బాపు మగ్గం గుంతలో కూర్చుని నన్ను డాక్టరు చదువు చదివించాడు. అది మనుషుల డాక్టరు చదువు కాదని చుట్టాలకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, "నోరున్నోళ్లకు అందరూ చేస్తరు, నోరులేనిదానికి చేసుడే కష్టం" అని మీసం దువ్వేవాడు. ఉద్యోగంలో చేరిన రోజు జిల్లా ఆఫీసులో ఒక సీనియరు నవ్వుతూ, "నేతోళ్ల బిడ్డవు, ఆవుకు ముందెటు, వెనకెటు తెలుసునా అమ్మా?" అని అడిగాడు. "తన్నేది వెనక సార్, అంతమటుకు తెలుసు" అన్నాను. ఆ తర్వాత ఆయన నన్ను అలాంటి ప్రశ్నలు అడగలేదు.

గుట్టల మీద నా పని ఎక్కువగా మందలతో. అక్కడ మంద అంటే పశువుల గుంపు ఒక్కటే కాదు. వాటితోపాటు అడవిలో ఉండే కుటుంబం, వాళ్ల గుడిసె, ముళ్లకంప కంచె, అన్నీ కలిపి మంద. కొందరు ఎండాకాలం మేతకు వచ్చి వానలకు ఊరు చేరుకునేవాళ్లు. కొందరికి ఊరే లేదు. ఏడాది పొడుగునా అడవే.

ఆ రెండో రకం వాళ్లలో మల్లయ్య, బాలమ్మ అనే గొల్ల దంపతులు ఉండేవాళ్లు. వాళ్ల మంద బస్సు ఆగేచోటు నుంచి సగం రోజు నడక దూరంలో, ఒక వాగు పక్కన. బిడ్డకు పెళ్లి చేసి పంపాక ఇద్దరే మిగిలారు. తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలుండే తూర్పు పొడ ఆవులు వాళ్లవి. రెండేళ్లకోసారి కంచెను పక్కకు జరిపి, పశువులు పండుకున్న పాత జాగాలో కొర్రలో జొన్నలో చల్లుకునేవాళ్లు. ఆ పేడమట్టిలో దుక్కి దున్నకుండానే పంట మోకాలెత్తు దాటేది. చల్ల, నెయ్యి మందవి. కూర అడవిది. ఎండాకాలం ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, తునికిపండ్లు. గుడిసె వెదురుది, తాళ్లు నారవి. పాలు అమ్మితే మందకు చేటని పాలు అమ్మరు. ఏడాదికో రెండేళ్లకో ఒక కోడె జత అమ్మి బట్టలు కొనుక్కుంటారు. అంగట్లో నెయ్యి పోసి ఉప్పు తెచ్చుకుంటారు. నాకు తెలిసి వాళ్లు క్రమం తప్పకుండా బయటినుంచి తెచ్చుకునేది ఉప్పు ఒక్కటే.

మే నెల వచ్చేసరికి ఘాటు రోడ్డు దిగువ ఊళ్ల పశువుల్లో ముసర పడింది. ఈ తరం వాళ్లకు ఆ పేరే తెలియదు, తెలియకపోవడం మా శాఖ చేసిన పుణ్యం. ముందు జ్వరం, నోట్లో పుండ్లు, సొంగ, ఆ తర్వాత ఆగని పారుడు. వారం తిరిగేలోపు పశువు పడిపోయేది. రైతులు పెద్దరోగం అనేవాళ్లు. వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఒక్కటే దారి. పద్ధతి ఏమిటంటే, రోగమున్న ఊరి నుంచి ఏ పశువునూ కదలనీయకుండా, చుట్టూ ఉన్న ఊళ్లలో, మందల్లో ఆరోగ్యంగా ఉన్న ప్రతి పశువుకూ టీకా వేసి దానికి కంచె కట్టాలి. మేం దాన్ని రింగు అనేవాళ్లం. రింగులో ఒక్క మంద తప్పినా రోగం ఆ సందులోంచే బయటపడుతుంది. వారపు అంగడి మూయించమని పైకి సిఫారసు చేసింది నేనే. మందలవాళ్లెవరూ కిందికి దిగొద్దని చాటింపు వేయించిందీ నేనే.

టీకా చిన్న సీసాలో పొడిగా వచ్చేది. ఐసులో ఉన్నంతసేపు దానికి ఢోకా లేదు. చల్లటి సెలైన్‌లో కలిపాక మాత్రం రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఒక సీసా ఒక పెద్ద మందకు సరిపోయేది. ఒక్కసారి పడితే ఆ పశువు బతికినంతకాలం ముసర దాని దగ్గరికి రాదు. జిల్లా అంతా అడుగుతున్న రోజులు కాబట్టి నాకు లెక్కగా ఇచ్చారు. మల్లయ్య మందకు ఒక్కటే సీసా మిగిలింది.

ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని ఖాసిం భాయ్, సూదుల సంచీతో నేను ఒకరోజు పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి మల్లయ్య మంద చేరాం. బాలమ్మ చెంబుతో చల్ల ఇచ్చింది. మల్లయ్య నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, సూదిమందుకు ఎంత అని అడిగాడు. ఊరికేనే అన్నాను.

"ఊరికే ఎందుకిస్తది సర్కారు?" అన్నాడు.

"నీ కోసం కాదు మల్లయ్యా. నీ మంద కాడ రోగం ఆగితే నీ వెనకున్న మందలన్నీ బతుకుతయి. నువ్వే సర్కారుకు సాయం చేస్తున్నవ్ అనుకో."

ఆ మాట ఆయనకు నచ్చింది. నచ్చాలనే అన్నాను, కానీ అబద్ధమేమీ లేదు. అయితే వెంటనే ఇంకో మాట చెప్పాడు. మందలో ఒక కోడె ఉంది, లింగన్న. దూడగా ఉన్నప్పుడే దాన్ని అడవిలోని లింగమయ్యకు విడిచారు. దేవుడికి విడిచిన కోడె మీద తాడు పడకూడదు. ఎవరూ దాన్ని కట్టకూడదు, పట్టకూడదు. అంతటితో ఐపోలేదు. మందలో ఏది జరిగినా ముందు దానికే జరగాలి. నీళ్లకు ముందు అదే, కొత్త కంచెలోకి ముందడుగు దానిదే.

"గా కోడెకు పడకముందు ఆవులకు పడొద్దు డాక్టరమ్మ. గది మా కట్టుబాటు."

"కట్టకుండ సూది ఎట్ల వెయ్యాలె?"

"అదే వచ్చి నిలబడితే అడ్డం లేదు. నిలబడకపోతే మాత్రం నేనేం జెయ్య?"

ఖాసిం భాయ్ భుజం మీదున్న పగ్గాన్ని ఒకసారి సర్దుకున్నాడు. మల్లయ్య లేచి వెళ్లి, చాలా మర్యాదగా ఆ పగ్గాన్ని తీసి, చుట్టచుట్టి, ఒక మోదుగ కొమ్మకు తగిలించి వచ్చాడు. మేం అక్కడున్నన్ని రోజులూ అది కొమ్మకే ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మల్లయ్యకు ఒక తమ్ముడుండేవాడు, పక్క లోయలోనే మంద. ఒక కరువు ఏడు కూలీల మేస్త్రి ఒకడు వచ్చి ఉప్పు మూట, బెల్లం దిమ్మ ఇచ్చి, తర్వాత తీర్చొచ్చులే అన్నాడు. తర్వాత ఇంకొన్ని ఇచ్చాడు. తర్వాత లారీ తెచ్చాడు. ఎక్కడో కాలువలు తవ్వడానికి భార్యాభర్తలిద్దరూ ఎక్కారు. మంద చెదిరిపోయింది, మనుషులు మళ్లీ అడవి మొహం చూడలేదు. పాలమూరు అనే ఆ మహబూబ్‌నగర్ జిల్లాలో ఆ లారీ ఎక్కని ఊరు లేదు కనుక ఇది వింతేం కాదు. మల్లయ్య మాత్రం అది మరిచిపోలేదు. మంద ఉంటే తను తన జాగాలో రాజు. మంద పోతే తనకూ మిగిలేది ఆ లారీయే. ఈ సంగతి నాకు ఆయన మొదటి పూటే చెప్పాడు. చెప్పి కూడా, లింగన్నను కట్టనియ్యనన్నాడు. దేవుడికిచ్చిన మాట తప్పి కాపాడుకున్న మంద తనది కాదని ఆయన లెక్క.

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ నాకు కోపం తొందరగానే వస్తుంది. ఐసు కరుగుతోంది, కింద రోగం కదులుతోంది, ఈయన దేవుడి వరుసక్రమం చెబుతున్నాడు. కానీ బాపు మాట గుర్తొచ్చింది. తెగిన పోగు అతకాలంటే మగ్గం ఆపాలె గద బిడ్డా అనేవాడు. సరే, మగ్గం ఆపాను. ఐసు తెమ్మని ఖాసిం భాయ్‌ను అచ్చంపేట పంపి నేను అక్కడే ఉండిపోయాను. బాలమ్మ గుడిసెలో ఒక మూల నాకు ఈతచాప పరిచింది.

ఐసు తేవడం కూడా ఒక ఉద్యోగమే. అచ్చంపేటలో పుల్ల ఐసు చేసే షాపు ఒకటుండేది. అక్కడ గడ్డ కొని, గోనెసంచిలో పొట్టు నింపి మధ్యలో పెట్టి, బస్సు టాపు మీద ఎక్కించుకుని, దిగిన దగ్గరినుంచి నెత్తిన మోసుకుని అడవిలోకి నడిచి రావాలి. సగం దారిలోనే కరుగుతుంది. చేరిన సగమే మా టీకా ఆయుష్షు.

మొదటి రోజు లింగన్నను చూశాను. వాగు అవతలి ఒడ్డున నిలబడింది. మెడ మీద ఎర్రమచ్చ, పెద్ద మూపురం, ఎవరి పెత్తనం తెలియని చూపు. అచ్చోసిన ఆంబోతు అని ఊళ్లో మనుషులను తిడతాం, నిజమైనదాన్ని చూశాక మనుషులను అలా తిట్టడం దానికి అవమానమనిపించింది. నేను వాగులో నాలుగడుగులు వేయగానే తల వంచింది. నేను చెట్టెక్కాను. చీర కుచ్చెళ్లు నోట కరుచుకుని మొర్రిచెట్టు ఎక్కిన గెజిటెడ్ అధికారిని మా శాఖ చరిత్రలో నేనొక్కదాన్నేనని అనుకుంటాను. కింద బాలమ్మ నవ్వి నవ్వి కూలబడింది.

"మునుపు గట్ల లేకుండె డాక్టరమ్మ. ఉప్పు బండ మీద ఉప్పేసి పిలిస్తే దూడోలె వచ్చి నా పక్కనే నిలబడి నాకుతుండె. ఇప్పుడు ఉప్పు లేక మనిషి దగ్గరికొస్త లేదు."

ఉప్పు ఎందుకు లేదో అడగాల్సిన పని లేదు. అంగడి బందు. బందు చేయించింది నేను. ఇంకో దారి ఆలోచించే పని లేదు కదా అని సంతోషపడి, ఐసుతోపాటు ఉప్పు కూడా తెప్పిస్తానని మల్లయ్యతో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు."

"కోడెకే గద మల్లయ్యా."

"కోడెకైనా, మాకైనా. మా తమ్ముడు గట్లనే మేస్త్రి ఉప్పు తిన్నడు. ఒకరి ఉప్పు తిన్నంక వాని ముంగట తల లేస్తదా? కొంటే నెయ్యి పోసి కొంట. నెయ్యి తీస్కుంటవా?"

తీసుకోలేను. ఇంట్లో పెట్టింది తినడం వేరు, రైతు దగ్గర ఏ వస్తువూ పుచ్చుకోకూడదని మా సర్వీసు నియమం. ఒక చిన్న గిన్నె నెయ్యైనా సరే. ఆ నియమాన్ని నేను ఉద్యోగమంతా పాటించాను, అందులో నాకు గర్వమే తప్ప చింత లేదు. కానీ ఆ రోజు మాత్రం నా నియమం, ఆయన నియమం కొమ్ములు కలిపి నిలబడ్డాయి. పిచ్చి పట్టుదల అని మనసులో తిట్టుకున్నాను. ఎవరి పట్టుదలను తిట్టుకున్నానో నాకే తెలియదు.

మర్నాడూ, ఆ మర్నాడూ అలాగే గడిచాయి. లింగన్న అవతలి ఒడ్డు, మేం ఇవతలి ఒడ్డు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. వాగు ఒడ్డున చెలమ తోడాను, ఒక ఆవు గిట్టలో దిగిన ముల్లు తీశాను, దూడల కడుపులు పట్టి చూశాను. మల్లయ్యతో కలిసి కంపకొట్టి, ఒక్కొక్క పశువు మాత్రమే పట్టే సన్నని సందు కట్టాం. లింగన్న ఒప్పుకున్న మరుక్షణం మందనంతా ఆ సందులోంచి నడిపించాలి కదా. అడవికి వెళ్లి బాలమ్మతో కలిసి కూరాకు ఏరాను. అంగడి ముఖం చూడకుండా ముగ్గురం పూటపూటా కడుపునిండా తిన్నాం. ఆ తిండిలో ఎవరికీ దండం పెట్టాల్సిన మెతుకు ఒక్కటి లేదు. మల్లయ్య దేన్ని కాపాడుకుంటున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

మూడో రోజు ఖాసిం భాయ్ ఐసుతోపాటు ఎ.డి. గారి మాట కూడా మోసుకొచ్చాడు. ఎ.డి. అంటే మా పై అధికారి, సహాయ సంచాలకులు. ఒక్క మంద దగ్గర అన్ని రోజులు కూర్చోవడం ఏమిటి, మిగిలిన సీసా తెచ్చి ఇంకో ఊరికి వాడమన్నారట, ఎల్లుండికల్లా కిందికి దిగాలట.

"కోపంగ ఉన్నరు మేడమ్. నేనే జర సబర్ చెయ్యిండ్రి సార్ అని చెప్పిన" అన్నాడు ఖాసిం భాయ్. అటెండరు ఎ.డి.ని ఓపిక పట్టమనడం మా శాఖలో ఎక్కడా లేదు. చెప్పాడంటే చెప్పే ఉంటాడు.

ఆ పూట బాలమ్మ జొన్న రవ్వతో ఉడికించిన గటక పెట్టి, మీద చల్ల పోసింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చప్పగా ఉంది. బాలమ్మ మొహం చూశాను. తను వేరే వైపు చూస్తోంది. గుడిసె బయట ఉప్పు కుండ బోర్లించి ఉంది, కడిగి ఎండకు పెట్టినట్టు.

నిన్నటిదాకా నా గటకలో ఉప్పుంది. మొదటి రోజు చల్లలో కూడా ఉంది. వాళ్ల కంచాలలో ఉందా అని నేను చూడలేదు. ఉప్పు నిండుకుందని కోడెకు కూడా వేయని ఇంట్లో, కుండ అడుగు గీకి అతిథికి పెట్టారు. వాళ్లు చప్పిడిదే తిన్నారు. కోడెకు లేదని చెప్పింది గానీ, వచ్చిన మనిషి గటకలో ఉప్పు లేదనిపించుకోవడం బాలమ్మకు ఇష్టం లేదు. బాలమ్మ పెద్దరికం అది.

చెయ్యి కడుక్కోకుండానే మల్లయ్య దగ్గరికి పోయాను.

"మల్లయ్యా, ఒకరి ఉప్పు తింటే తల లేవదన్నవు గద?"

"అన్న."

"నీ ఇంట్ల ఆఖరి ఉప్పు ఎవరు తిన్నరు?"

ఆయన బాలమ్మ వైపు చూశాడు.

"నేను తిన్న. రెండు రోజులు తిన్న. ఇప్పుడు నీ ముంగట నా తల లేస్తలేదు. తిన్నది తిరిగియ్యకుంట ఈ గుట్ట దిగితే నా ఒంటికి పడదు. నువ్వు తీస్కోనంటవా, ఇగ నన్ను బతికినన్ని రోజులు నీ కింద ఉంచుకున్నట్టే. మేస్త్రికీ నీకూ ఫరకేంది?"

చివరి మాట గట్టిగానే తగిలింది. తగలాలనే అన్నాను. మల్లయ్య చేతికర్రతో నేల మీద ఒక గీత గీశాడు. "తిన్నంతే" అన్నాడు.

"తిన్నంతే" అన్నాను.

ఖాసిం భాయ్ వచ్చిన కాళ్లతోనే వెనక్కి తిరిగాడు. నాలుగు మెట్లు దిగితే అయిపోయే దారి కాదది, సగం రోజు నడక, ఆపైన బస్సు. మర్నాడు మధ్యాహ్నానికి ఐసు మూట ఒక భుజాన, రాళ్లుప్పు సంచి ఒక భుజాన వేసుకుని చెమటతో తడిసి వచ్చాడు. ఆ ఐసు మర్నాటిదాకా నిలుస్తుందని నాకు ఆశ లేదు. అదే చివరి గడ్డ, మర్నాడు నేను దిగక తప్పదు.

మల్లయ్య సంచి మూతి విప్పాడు. రెండు చేతులూ కలిపి ఒక్క దోసెడు ఉప్పు తీసి మోదుగాకులో పోశాడు. ఆ దోసెడును ఒకసారి చూసుకుని, ఎక్కువైందనిపించిందేమో, నాలుగు రాళ్లు తీసి మళ్లీ సంచిలో వేశాడు. సంచి మూతి కట్టి ఖాసిం భాయ్ చేతికిచ్చాడు. ఖాసిం భాయ్ నోరు తెరిచి నా వైపు చూశాడు. ఊరుకోమని సైగ చేశాను. ఆ దోసెడులో తమకోసం చిటికెడు కూడా ఉంచుకోలేదు. ముందు లింగన్నకే కదా.

బాలమ్మ ఆకు పట్టుకుని వాగు ఒడ్డు బండ దగ్గరికి నడిచింది. నేను చెట్టు నీడన ఐసు పెట్టె ముందు కూర్చున్నాను. ఇప్పుడు తేల్చుకోవలసింది నేను. కోడె వచ్చాక టీకా కలుపుతూ కూర్చుంటే అది ఉప్పు నాకి వెళ్లిపోతుంది. ముందే కలిపితే, అది రాకపోతే, ఉన్న ఒక్క సీసా రెండు గంటల్లో నేలపాలు. అప్పుడు ఈ మందకూ లేదు, ఎ.డి. గారు అడిగిన ఊరికీ లేదు. బాలమ్మ గొంతెత్తి, "లింగన్నో, రా నాయినా" అని పిలిచింది. అవతలి ఒడ్డున పొదలు కదిలాయి. కోడె కనబడలేదు, చెవి ఒక్కటి కనబడింది. సీసా మూత తీసి సెలైన్‌లో కలిపాను.

లింగన్న నీళ్లలో దిగింది, ఆగింది, గాలి పీల్చింది. నాలుగు రోజులుగా నేను ఆ మందలోనే పండుకున్నాను, ఆ పొగలోనే తిన్నాను, ఆ పేడలోనే తిరిగాను. నా ఒంటిమీద దవాఖాన వాసన ఏమైనా మిగిలిందో లేదో దానికే తెలియాలి. బాలమ్మ పక్కగా నిలబడ్డాను. లింగన్న బండ మీదికి తల వంచి, గరుకు నాలుకతో ఉప్పు నాకడం మొదలుపెట్టింది. బాలమ్మ దాని గంగడోలు నిమురుతోంది. నేను ఎడమచేత్తో భుజం వెనక తోలు మడత పట్టి, సూది తోలు కిందికి దించి, మందు పంపి తీసేశాను. ఈగ వాలినప్పుడు అదిరినట్టు తోలు ఒకసారి అదిరింది. తల ఎత్తనైనా ఎత్తలేదు.

మల్లయ్య దూరం నుంచి రెండు చేతులూ జోడించాడు. నాకు కాదు, కోడెకు. మరుక్షణం, "ఇగ తోలుండ్రి" అని అరిచాడు.

ఆ రెండు గంటలు నేను నా జీవితంలో చేసిన మంచి పనుల్లో ముందు వరసలో పెడతాను. మల్లయ్య తోలుతుంటే, బాలమ్మ సందు మూతి కాస్తుంటే, ఖాసిం భాయ్ సిరంజీలు నింపి ఇస్తుంటే ఆవులు, కోడెలు, దూడలు ఒక్కటి తప్పకుండా ఆ ముళ్లసందులోంచి దాటాయి. చివరి దూడకు వేసేసరికి సీసాలో అడుగు తడి మాత్రం మిగిలింది. సంతోషంతో గట్టిగా నవ్వానని చెప్పడానికి నాకు సిగ్గులేదు.

కిందికి దిగాక ఎ.డి. గారు అడగవలసినవన్నీ అడిగారు. మంద పూర్తయింది, రింగు కలిసింది అన్నాను. ఆయన కూర్చోమని కుర్చీ చూపించారు. అంతకుముందు ఆయన గదిలో నేను కూర్చోలేదు.

వానలు పడ్డాక ముసర ఘాటు రోడ్డు దాటి గుట్టెక్కింది. మా వాగుకు దిగువన, కిందినుంచి మేతకు వచ్చి, వానలకూ తిరిగిపోక, మా కంటపడకుండా ఉన్న ఒక మందలో పడి సగానికి పైగా తినేసింది. మల్లయ్య మంద దాకా వచ్చి ఆగింది. ఆ ఏడు దసరా దాటాక మేస్త్రి లారీ గుట్ట మీదికి వచ్చింది, దిగువ మందవాళ్లు ఎక్కారు. మల్లయ్య మాత్రం తిరిగి తెరిచిన అంగడికి నెయ్యి కుండతో వచ్చి ఉప్పు కొనుక్కుని, దవాఖాన ముందునుంచి పోతూ, లోపలికి రాకుండానే, "లింగన్న మంచిగున్నడు డాక్టరమ్మ" అని కేకేసి వెళ్లాడు. రుణం లేని మనిషి కేక అది. నేను దవాఖాన మెట్లమీద నిలబడి ఆయన కనుమరుగయ్యేదాకా చూశాను.

తొంభైల మధ్యలో నేనే ఎ.డి.గా మళ్లీ ఆ గుట్ట ఎక్కాను. అప్పటికి ముసర కనబడక కొన్నేళ్లయింది. టీకాలు ఆపేసి, రోగం నిజంగా పోయిందా లేదా అని మందమందకూ తిరిగి నోళ్లు తెరిచి చూసే పని. మల్లయ్య వంగిపోయాడు, మంద మాత్రం పెరిగింది. లింగన్న పోయి, దాని తర్వాత విడిచిన కోడె వాగు అవతల నిలబడి ఉంది. ఏ పశువు నోట్లోనూ పుండు లేదు. బాలమ్మ గటక పెట్టి, చల్ల పోసి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా డాక్టరమ్మ?"

సరిపోయిందన్నాను. ముగ్గురి కంచాల్లోనూ ఉందో లేదో ఈసారి ముందే చూసుకున్నాను.

ఆ తర్వాత నా దగ్గరికి కొత్తగా వచ్చిన డాక్టర్లందరికీ మొదటి రోజు రెండే మాటలు చెప్పేదాన్ని. పెట్టెలో ఐసు ఉందో లేదో చూసుకోండి. ఎవరికైనా ఏదైనా ఊరికే ఇవ్వవలసి వస్తే, ముందు వాళ్ల ఇంట్లో ఒక పూట తినండి.